రంగుకో ద్రావణి, కారానికో ద్రావణి

విడపనకల్లు అనంతపురం జిల్లాకు వాయవ్యపు అంచు. అటు పోతే బళ్లారి, ఇటు వస్తే గుంతకల్లు. వాననే నమ్ముకున్న చేలల్లో శెనక్కాయ, నల్లరేగడిలో పప్పుశనగ, హెచ్చెల్సీ కాలువ నీళ్లో బోరో అందిన చోట మిరప. ఈ చుట్టుపక్కల రైతులు ఎండుమిరపను బస్తాలకెత్తి కర్ణాటకలోని బ్యాడిగి మార్కెట్టుకు తోలుతుంటారు. ఒళ్లంతా ముడతలు పడి, ముదురెరుపు తేలి, కారం తక్కువగా ఉండే కాయకు అక్కడ గిరాకీ. ఆ గిరాకీలో చెప్పుకోదగ్గ వాటా ఒలియోరెజిన్ ఫ్యాక్టరీలది. కాయను పొడి చేసి, దానిమీద ఒక ద్రవం పోసి, రంగును అందులోకి లాగి, ద్రవాన్ని ఆవిరి చేసేస్తే మిగిలే చిక్కటి ఎర్రటి పదార్థమే ఒలియోరెజిన్. కేరళలోని కోలెంచేరిలో 1972లో మొదలైన సింథైట్ వంటి కంపెనీలు దీన్ని ప్రపంచమంతటికీ పంపుతున్నాయి.

అంటే రైతు చేతికొచ్చే ధర వెనుక ఒక రసాయన ప్రశ్న ఉంది. ఏ ద్రవం పోస్తే ఏది కరిగి వస్తుంది, ఏది పిప్పిలోనే ఉండిపోతుంది? ద్రావణి ఎంపిక మీద రసాయన శాస్త్రం నూరేళ్లకు పైగా కొలతలు, సూత్రాలు పోగేసింది. వాటిలో ఏవి మన మిరప దగ్గర, మన శెనక్కాయ దగ్గర నిలబడతాయో, ఏవి తడబడతాయో ఒకసారి తిరగేసి చూడాలి.

ఇంటర్మీడియట్ పుస్తకంలోని సూత్రం అందరికీ కంఠతా వచ్చిందే: ధ్రువ పదార్థం ధ్రువ ద్రావణిలో, అధ్రువ పదార్థం అధ్రువ ద్రావణిలో కరుగుతుంది. నీటి అణువు వంగి ఉంటుంది కాబట్టి ఆక్సిజన్ వైపు కొంత ఋణావేశం, హైడ్రోజన్ల వైపు కొంత ధనావేశం తేలుతుంది. దాని ద్విధ్రువ భ్రామకం 1.85 డిబై. కార్బన్ టెట్రాక్లోరైడ్‌లో నాలుగూ ధ్రువ బంధాలే అయినా నాలుగు దిక్కులకీ లాగి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి కనుక మొత్తం సున్నా. హెక్సేన్‌లో ఉన్నవి కార్బన్, హైడ్రోజన్ మాత్రమే. అక్కడ చెప్పుకోదగ్గ లాగుడే లేదు. ఉప్పు నీటిలో ఎందుకు కరుగుతుందో, నూనె ఎందుకు కరగదో చెప్పడానికి ఇంతమాత్రం చాలు. మిరపకాయకు మాత్రం చాలదు.

కాగిన నూనెలో కారప్పొడి వేసి చూడండి, క్షణంలో నూనె ఎర్రబారుతుంది. అదే పొడిని గ్లాసుడు చన్నీళ్లలో కలిపితే నీళ్లకు కాస్త రంగు అంటుకుంటుంది, పొడి మాత్రం ఎర్రగానే అడుక్కు దిగుతుంది. రంగు నూనె పక్షమని ఇక్కడే తెలిసిపోతుంది. కారం సంగతి అంత తేలిగ్గా తేలదు. అది నూనెలోకీ వెళ్తుంది, నూనె చుక్క వేయని చారులోనూ నాలుకను మండిస్తుంది. ఒకే కాయలోని రెండు పదార్థాలు, రెండు స్వభావాలు.

ఎరుపుకు ముఖ్య కారణం కాప్సాంథిన్. హంగేరీలో లాస్లో జెక్‌మైస్టర్, చొల్నోకీ 1927లో దీని మీద పరిశోధన మొదలుపెట్టి, మిరప రంగు రసాయనానికి పునాది వేశారు. 40 కార్బన్ల పొడవాటి అణువు, రెండు కొసలా రెండు హైడ్రాక్సిల్ గుంపులు. ఆ రెండు గుంపులనే చూసి ఇది కొంచెం ధ్రువ స్వభావం కలదని అనుకుంటే లెక్క తప్పుతుంది. కాయ పండేకొద్దీ మొక్క ఆ హైడ్రాక్సిల్ గుంపులకు లారిక్, మిరిస్టిక్, పామిటిక్ వంటి కొవ్వు ఆమ్లాలను తగిలిస్తుంది. అప్పుడు ధ్రువ కొసలు రెండూ మూసుకుపోయి, అణువు మొత్తం కొవ్వులా ప్రవర్తిస్తుంది. పండిన కాయలోని రంగు హెక్సేన్‌లోకి హాయిగా రావడానికి కారణమిదే. అదే రంగును క్షారంతో సబ్బుగా మార్చి కొవ్వు ఆమ్లాలను ఊడదీస్తే హెక్సేన్ మీద మోజు తగ్గి, అసిటోన్, ఆల్కహాల్ వైపు మొగ్గుతుంది. పుస్తకంలోని నిర్మాణం చూసి ద్రావణి ఎంచుకునే విద్యార్థి ముందుగా అడగవలసింది, ఆ అణువు మొక్కలో ఏ రూపంలో ఉందని.

కారానికి మూలం కాప్సాయిసిన్. 1876లో జాన్ థ్రెష్ దీన్ని స్ఫటికాలుగా రాబట్టి ఈ పేరు పెట్టాడు. దీని అణువుకు ఒక కొసన వనిల్లా వాసనకు దగ్గరి చుట్టమైన వలయం, దానిమీద ఫినాల్ హైడ్రాక్సిల్. మధ్యలో అమైడ్ బంధం. మరో కొసన పది కార్బన్ల కొవ్వు ఆమ్లపు తోక. తల ధ్రువం, తోక అధ్రువం. నీటిలో అతి స్వల్పంగా, ఆల్కహాల్‌లో ధారాళంగా, నూనెలో బాగానే కరుగుతుంది. 1912లో విల్బర్ స్కోవిల్ కారాన్ని కొలవడానికి మిరపపొడిని రాత్రంతా ఆల్కహాల్‌లో నానబెట్టి, ఆ సారాన్ని తీపి నీళ్లలో పలచన చేస్తూ మనుషుల నాలుకకు అందించాడు. ఆ ఎంపికలో ఎంత ఆలోచన ఉందో చూడండి. నీళ్లు పోస్తే కారం సరిగా దిగిరాదు. నూనె పోస్తే దిగివస్తుంది గానీ చక్కెర నీళ్లలో కలవదు. కారాన్ని పట్టుకుని నీటిలోనూ కలిసే ద్రావణి కావాలి, ఆల్కహాల్ ఆ రెండు పనులూ చేసింది. స్వచ్ఛమైన కాప్సాయిసిన్‌కు స్కోవిల్ లెక్క 1 కోటి 60 లక్షలు. అంత పలచనలోనూ నాలుక పసిగడుతుంది కాబట్టే నీటిలో కరిగే ఆ కొంచెమే చారుకు సరిపోతుంది.

ఫ్యాక్టరీలో రంగునూ కారాన్నీ విడదీయడం ఈ తేడా మీదే నిలిచింది. హెక్సేన్‌తో సారం తీస్తే రంగుతో పాటు కాయలోని నూనె, దాని వెంట కొంత కారం కూడా వచ్చేస్తాయి. ఆ సారాన్ని మిథనాల్‌తో కలిపి కుదిపితే ద్రవం రెండు పొరలుగా విడిపోతుంది. ధ్రువ తల ఉన్న కాప్సాయిసిన్ మిథనాల్ పొరలోకి, కొవ్వు తగిలించుకున్న రంగు హెక్సేన్ పొరలోకి వెళ్తాయి. రెండుమూడుసార్లు ఇలా కడిగితే రంగు ఒక వైపు, కారం ఒక వైపు.

వినడానికి తేలికే గానీ, అనంతపురం ఎండలో దీనికో చిక్కు ఉంది. నీరు లేని మిథనాల్, హెక్సేన్ సుమారు 34 డిగ్రీల లోపే రెండు పొరలుగా ఉంటాయి. ఆ వేడి దాటితే ఎంత కలిపినా రెండూ ఏకమైపోతాయి, ఇక పొరల మాటే ఉండదు. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ నీడలోనే 40 డిగ్రీలు దాటుతుంది. పాఠంలో కుదిరిన ప్రయోగం వేసవిలో ఇక్కడి గదిలో కుదరకపోవచ్చు. విరుగుడు తేలికే: మిథనాల్‌లో కొద్దిగా నీళ్లు కలిపితే దాని ధ్రువత్వం పెరిగి పొరలు మళ్లీ విడతాయి. నీళ్లు మరీ ఎక్కువైతే కాప్సాయిసిన్ తోక ఆ పొరను ఒప్పుకోక హెక్సేన్‌కే తిరిగిపోతుంది. ఎంత నీరు అన్న చోటే పనితనమంతా ఉంటుంది. ద్రావణి పేరు ఒక్కటే చెప్పి ఊరుకునే పాఠాలు ఈ సంగతి వదిలేస్తున్నాయి. వేడీ, పాళ్లూ కూడా ఎంపికలో భాగమే.

ఇక కొలతల సంగతి. ద్విధ్రువ భ్రామకం ఒక్క అణువు గుణం. పీటర్ డిబై 1912లో ఈ ఆలోచనను ముందుకు తెచ్చాడు. 1936లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. సిద్ధాంతానికి ఇది పెద్ద ముందడుగు, ద్రావణి ఎంచుకునేవాడికి మాత్రం నమ్మదగ్గ దారి కాదు. 1,4-డయాక్సేన్ భ్రామకం అర డిబై కూడా ఉండదు, అయినా నీటిలో ఏ పాళ్లలోనైనా కలిసిపోతుంది. దాని రెండు ఆక్సిజన్ల లాగుడు ఎదురెదురై రద్దవుతుంది గానీ, నీటి హైడ్రోజన్‌తో బంధం కట్టడానికి రెండూ తెరిచే ఉంటాయి. అణువంతటి లెక్కలో సున్నాకు దగ్గరైనది, దగ్గరకెళ్లి చూస్తే నీటికి ఆప్తమే.

డైఎలక్ట్రిక్ స్థిరాంకం ద్రవం మొత్తానికి కొలత. 25 డిగ్రీల దగ్గర నీటికి 78, మిథనాల్‌కు 33, ఇథనాల్‌కు 24, అసిటోన్‌కు 21, ఇథైల్ అసిటేట్‌కు 6, హెక్సేన్‌కు 1.9. ఈ వరుస కంఠతా ఉంటే ప్రయోగశాలలో తొలి ఊహకు పనికొస్తుంది. అయాన్లను కరిగించే శక్తిని ఇది బాగా చెబుతుంది, హైడ్రోజన్ బంధం సంగతి చెప్పదు. స్థిరాంకం కూడా వేడితో మారేదే: ఒత్తిడిలో ఉంచి 250 డిగ్రీలకు వేడిచేస్తే నీటి విలువ 27 చుట్టూ చేరి దాదాపు ఆల్కహాల్ స్థాయికి దిగుతుంది. నీటితోనే కొవ్వు స్వభావం ఉన్నవాటిని తీసే పద్ధతులకు మూలమిదే.

జర్మనీలోని మార్బుర్గ్‌లో డిమ్‌రోత్, రైషార్ట్ 1963లో చూపిన దారి నాకు అన్నిటికన్నా అందంగా కనిపిస్తుంది. ద్రావణి ధ్రువత్వాన్ని లెక్కలతో కాక ఒక రంగును అందులో కరిగించి కంటితో చదివారు. ఆ బీటైన్ రంగు మిథనాల్‌లో ఎరుపు, ఇథనాల్‌లో ఊదా, అసిటోన్‌లో ఆకుపచ్చ, అనిసోల్‌లో పసుపు. ధ్రువత్వాన్ని విద్యార్థి కళ్లకు కట్టే ప్రయోగం ఇంతకన్నా మరొకటి నాకు తెలియదు. అయితే అది ఆ ఒక్క రంగు అణువు ఇచ్చే తీర్పు. కాప్సాంథిన్ తీర్పు వేరుగా ఉండొచ్చు.

ఈ మొత్తంలో పంటల పని చేసేవారికి నేను ముందుగా చెప్పేది చార్లెస్ హాన్సెన్ పద్ధతి. దానికి ముందు జోయెల్ హిల్డెబ్రాండ్ ఒక ద్రవంలోని అణువులు ఒకదాన్నొకటి ఎంత గట్టిగా పట్టుకుంటాయో ఒకే సంఖ్యలో చెప్పాడు. ఆ సంఖ్య ఇథనాల్‌కూ నైట్రోమీథేన్‌కూ దాదాపు సమానం. కానీ ఇథనాల్ నీటిలో పూర్తిగా కలుస్తుంది, నైట్రోమీథేన్ కలవదు. 1967లో కోపెన్‌హాగెన్‌లో తన డాక్టరేట్ పరిశోధనలో హాన్సెన్ ఆ ఒక్క సంఖ్యను మూడుగా విడగొట్టాడు: అన్ని అణువులకూ ఉండే బలహీన ఆకర్షణ, ద్విధ్రువాల ఆకర్షణ, హైడ్రోజన్ బంధం. ఆ వరుసలో హెక్సేన్‌కు 14.9, 0, 0. అసిటోన్‌కు 15.5, 10.4, 7.0. ఇథనాల్‌కు 15.8, 8.8, 19.4. నీటికి మూడోది 42 దాటుతుంది. అసిటోన్, ఇథనాల్ రెండూ ధ్రువ ద్రావణులే అని ఒకే గాటన కట్టే పాత అలవాటును ఈ మూడు సంఖ్యలు సరిచేస్తాయి. వాటి మధ్య అసలు తేడా హైడ్రోజన్ బంధంలో ఉంది. ఎండుమిరప రంగును కొలిచే అమెరికా మసాలాల సంఘం పద్ధతి పొడిని అసిటోన్‌లో నానబెట్టి 460 నానోమీటర్ల కాంతి దగ్గర చదవమంటుంది. కొవ్వు తగిలించుకున్న రంగునూ, తగిలించుకోని రంగునూ కలిపి రాబట్టగల మధ్యస్థ ద్రావణి అది. బ్యాడిగి రకం కాయకు రంగు విలువ ఇంత అని ప్రయోగశాల చెప్పే సంఖ్య నిజానికి అసిటోన్ చెప్పే సంఖ్య.

కల్తీ రంగుల విషయంలోనూ ఇదే మెలకువ కావాలి. కారప్పొడిని నీళ్లలో చల్లి, రంగు చారలు దిగితే కల్తీ అనుకోవాలని ఇంటి పరీక్షగా చెబుతుంటారు. నీటిలో కరిగే రంగులకు అది మంచి పరీక్షే. కానీ కల్తీకి వాడే సూడాన్ రంగులు అధ్రువమైనవి, నీటిలో కరగవు. అసలు మిరప రంగులాగే నూనె పక్షం. 2003లో భారత్ నుంచి వెళ్లిన మిరప ఉత్పత్తుల్లో ఫ్రాన్స్ అధికారులు సూడాన్-1ను పట్టుకున్నారు. 2005లో బ్రిటన్‌లో వూస్టర్ సాస్‌లో వాడిన కారప్పొడి ద్వారా అది వందల ఆహార ఉత్పత్తుల్లోకి చేరి, వాటన్నిటినీ దుకాణాల నుంచి వెనక్కి తీయాల్సి వచ్చింది. ఆ దెబ్బ మన మిరప ఎగుమతికీ తగిలింది. నీటి గ్లాసులో చారలు రాలేదు కాబట్టి పొడి మంచిదే అనుకోవడం ప్రమాదం. ఆ మాట ఇంటి పరీక్షలు నేర్పే ప్రతి చోటా చెప్పాలి.

ఇక శెనక్కాయ. అనంతపురం అనగానే గుర్తొచ్చే ఈ గింజలో దాదాపు సగం నూనే. గానుగలో ఆడితే చెక్కలో పదో వంతుకు పైగా నూనె మిగిలిపోవచ్చు, ఎక్స్‌పెల్లర్‌లో అంతకు తక్కువ. హెక్సేన్ పోసి తీస్తే ఒక శాతం లోపే మిగులుతుంది. నూనె అణువు మూడు కొవ్వు ఆమ్లాల కట్ట కాబట్టి హెక్సేన్‌కు అది పూర్తిగా స్వజాతి. చక్కెరలు, ప్రోటీన్లు చెక్కలోనే ఉండిపోతాయి. కానీ హెక్సేన్ గెలిచింది ధ్రువత్వం వల్ల మాత్రమే కాదు. అది 69 డిగ్రీలకే మరుగుతుంది. కిలో హెక్సేన్‌ను ఆవిరి చేయడానికి సుమారు 335 కిలోజౌళ్లు చాలు. ఇథనాల్‌కు 840 దాకా కావాలి, నీటికి 2,260. పోసిన ద్రావణిని మళ్లీ రాబట్టుకోకపోతే ఫ్యాక్టరీ నడవదు కాబట్టి ఖర్చు లెక్క ఇక్కడే తేలిపోతుంది.

ఈ ప్రాంతపు కరువు ఇక్కడ ఇంకో సమస్య తెచ్చిపెడుతుంది. కాయ గట్టిపడే వేళ వాన ముఖం చాటేసి, నేల వేడెక్కి తేమ ఆరిపోతే ఆస్పర్‌జిల్లస్ ఫ్లావస్ అనే బూజు గింజలోకి చొరబడి అఫ్లాటాక్సిన్ తయారుచేస్తుంది. 1960లో ఇంగ్లండ్‌లో బ్రెజిల్ శెనక్కాయ పిండి తిని లక్ష దాకా టర్కీ కోళ్లు చచ్చిపోయాకే ఈ విషం సంగతి లోకానికి తెలిసింది. యూరప్ నేరుగా తినే శెనక్కాయలో కిలోకు 4 మైక్రోగ్రాములకు మించి ఒప్పుకోదు. అంత తక్కువ మోతాదును పట్టుకోవాలంటే విషాన్ని గింజలోంచి ఏ ద్రావణి తీస్తుందన్నదే మొదటి ప్రశ్న. అఫ్లాటాక్సిన్ అణువు నిండా ఆక్సిజన్లు. హెక్సేన్‌కు అది కొరుకుడు పడదు. మిథనాల్‌లో, క్లోరోఫాంలో బాగా కరుగుతుంది, నీటిలో కొంచెమే. హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులోని ఇక్రిశాట్ చవకగా చేసిన ఎలీసా పరీక్షలో 70 పాళ్ల మిథనాల్‌కు 30 పాళ్ల నీళ్లు కలిపి, కొద్దిగా పొటాషియం క్లోరైడ్ వేసి గింజల పిండిని కుదుపుతారు. నీరు గింజ కణాలను ఉబ్బించి ద్రావణికి దారి ఇస్తుంది, నూనెను దూరంగా ఉంచుతుంది. మిథనాల్ విషాన్ని పట్టుకుంటుంది. పాత అమెరికా పద్ధతి ఒకటి ఇంకా ముచ్చటైనది. పిండి మీద మిథనాల్-నీరు, హెక్సేన్, ఉప్పు అన్నీ ఒకేసారి వేస్తారు. నూనె హెక్సేన్‌లోకి, విషం మిథనాల్-నీటి పొరలోకి వెళ్తాయి. తర్వాత ఆ పొరను క్లోరోఫాంతో కుదిపితే విషం అందులోకి దిగుతుంది. మూడు ధ్రువత్వాల మధ్య ఒకే అణువును నడిపించుకుపోయే పద్ధతి అది.

ద్రావణి ఎంపికలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది ఇక్కడే బయటపడుతుంది. కావలసినదాన్ని కరిగించే ద్రవాలు ఎప్పుడూ పది దొరుకుతాయి. అక్కర్లేనిదాన్ని కదపకుండా వదిలేసేది వెతకడమే కష్టం. శెనక్కాయ నూనె తీసేటప్పుడు హెక్సేన్‌లోని గొప్ప, అది విషాన్ని చాలావరకు చెక్కలోనే వదిలేయడం. అయితే ఆ చెక్క తినేది పశువులు. అప్పుడు ఆ గొప్పే లోపమవుతుంది. అమెరికాలో న్యూ ఆర్లియన్స్ ప్రభుత్వ ప్రయోగశాలలో అసిటోన్, హెక్సేన్, నీరు కలిసి ఒకే ఉష్ణోగ్రతలో మరిగే మిశ్రమంతో నూనెనూ విషాన్నీ రెంటినీ తీయాలని చూశారు. రసాయనంగా అది పనిచేసింది. కానీ అదే మిశ్రమంతో పత్తిగింజల నూనె తీసినప్పుడు, అసిటోన్ ప్రభావంతో వాటి పిండికి పిల్లి మూత్రపు కంపు పట్టింది. ద్రావణి కరిగించడంతో ఆగక, సరుకుతో చర్య కూడా జరపగలదన్నది ధ్రువత్వ పట్టికల్లో కనిపించని సంగతి.

గానుగ నూనె మీద మోజు పెరుగుతున్న ఈ రోజుల్లో ఒక మాట తప్పక చెప్పాలి. విషం ఎక్కువగా చెక్కలోనే ఉంటుందన్నది నిజమే. కానీ శుద్ధి చేయని నూనెలో తేలే సన్నటి పిండి రేణువులతో కొంత వచ్చేస్తుంది. రిఫైనరీలో క్షారంతో కడిగే దశ ఇక్కడ ఉండదు. బూజు పట్టిన, ముడుచుకున్న, రంగు మారిన గింజలను గానుగకు వేయకముందే ఏరెయ్యడం ఒక్కటే రక్ష.

హెక్సేన్‌కు చెల్లించే మూల్యమూ తక్కువ కాదు. అది పెట్రోలియం నుంచి వచ్చేది. దాని ఆవిరి గాలికన్నా మూడు రెట్లు బరువు, నేలబారున పాకి దూరాన ఉన్న నిప్పురవ్వను అందుకుంటుంది. ఒంట్లోకి చేరితే 2,5-హెక్సేన్‌డయోన్‌గా మారి నరాలను దెబ్బతీస్తుంది. అందుకే మన దేశంలో ద్రావణితో తీసిన వంటనూనెలో దాని శేషం కిలోకు 5 మిల్లీగ్రాములు దాటకూడదు, యూరప్‌లో 1. మసాలా ఒలియోరెజిన్లలో అమెరికా హెక్సేన్‌ను 25 దాకా, అసిటోన్‌ను 30 దాకా, మిథనాల్‌ను 50 దాకా ఒప్పుకుంటుంది.

ప్రత్యామ్నాయాల మీద చెప్పేవన్నీ ఒకే స్థాయిలో లేవు. కార్బన్ డయాక్సైడ్‌ను 31 డిగ్రీలు, 74 బార్ల ఒత్తిడి దాటిస్తే అది వాయువు కాని, ద్రవం కాని స్థితిలో అధ్రువ ద్రావణిగా పనిచేస్తుంది. కొంచెం ఇథనాల్ చేర్చి దాని ధ్రువత్వాన్ని పెంచుకోవచ్చు. ఒత్తిడి తగ్గించగానే శేషం లేకుండా వెళ్లిపోతుంది. మిరపకు ఇది బాగా పనిచేస్తుంది గానీ, ఆ ఒత్తిడిని తట్టుకునే ఉక్కు పాత్రల ఖర్చు మండల స్థాయి పరిశ్రమ మోయలేదు. మరో ప్రత్యామ్నాయం ఇథనాల్. దానికో సుగుణం ఉంది: నూనె దానిలో వేడిగా ఉన్నప్పుడే బాగా కరుగుతుంది, చల్లార్చగానే విడిపోయి అడుక్కు చేరుతుంది. ద్రావణినంతా ఆవిరి చేయకుండానే చాలా నూనె చేతికొస్తుంది, పైన చెప్పిన 840 కిలోజౌళ్ల భారం చాలావరకు తప్పుతుంది. ఇబ్బందల్లా నీరే. గింజలోని తేమ ఇథనాల్‌లోకి చేరేకొద్దీ దాని ధ్రువత్వం పెరిగి, నూనెను పట్టే శక్తి పడిపోతుంది. అందుకే ముందుగా గింజను బాగా ఎండబెట్టాలి. ఎండకు కొదవలేని ఈ జిల్లాలో ఇథనాల్ దారిని గట్టిగా పరీక్షించి చూడాలని నా అభిప్రాయం. జేఎన్‌టీయూ అనంతపురం కింద నూనెల సాంకేతికత మీద పనిచేసే పరిశోధన సంస్థ ఎప్పటినుంచో ఉంది, ఆ పనికి తగిన చోటు అదే.

2023లో యూరోపియన్ యూనియన్ ఆహారపు సారాలు తీయడానికి 2-మిథైల్ ఆక్సోలేన్‌ను అనుమతించింది. మొక్కజొన్న కండెలు, చెరకు పిప్పి నుంచి వచ్చే ఫర్‌ఫ్యూరాల్‌తో దాన్ని తయారుచేయొచ్చు. 80 డిగ్రీలకు మరుగుతుంది, నూనెను హెక్సేన్‌లాగే లాగుతుంది. వలయంలో ఒక ఆక్సిజన్ ఉంది కాబట్టి హెక్సేన్ కన్నా కొంత ధ్రువం; దాంతో నూనెతో పాటు జిగురు పదార్థాలనూ ఎక్కువగా తెస్తుంది, శుద్ధి పని పెరుగుతుంది. మిరప విషయంలో ఆ కొద్దిపాటి ధ్రువత్వమే లాభం కావచ్చు, రంగునూ కారాన్నీ ఒకేసారి రాబడుతుంది కనుక. రెండిటినీ విడదీసే పని మాత్రం మళ్లీ మిథనాల్-నీటి పొరకో, దానికి బదులు ఇథనాల్-నీటి పొరకో మిగులుతుంది. అందులో నీరు ఎన్ని పాళ్లుండాలో ఇక్కడి కాయతో, ఇక్కడి వేసవి వేడిలోనే చేసి చూసి తేల్చుకోవాలి.